ఏకపక్షంగా గెలిస్తే ఏమనాలి?

(పర్లాకిమిడిలో గ్రామీణ విలేకరులు, డిగ్రీ విద్యార్థుల కోసం జరిగిన ఒక సమావేశంలో, పత్రికల్లో ఆటల పేజీ చూసి రిటైరైన ఉపసంపాదకుడొకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి బాబూ, మొహమాటం వద్దు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్ళో భాష గురించి మాట్లాడమంటే ఎవరికైనా జంకే. అందుకని నేను పెద్ద మాటల జోలికి పోను. ఆటల పేజీ గురించి, ఎన్నికల ఫలితాల రోజు పేజీ గురించి మాత్రమే మాట్లాడతాను. ఆ రెండింట్లోనూ మనకి తరచూ తగిలే చిక్కు ఒకటుంది. ఒకడు రెండోవాణ్ణి బొత్తిగా పోటీ లేకుండా ఓడించేశాడు. దాన్ని ఏమని రాయాలి? ఇంగ్లీషు వార్తా ఏజెన్సీ పంపిన కాపీలో ఏదో ఒక మాట ఉంటుంది. వాకోవర్, కేక్‌వాక్, ల్యాండ్‌స్లైడ్, వైట్‌వాష్, రౌట్, థ్రాషింగ్, డ్రబ్బింగ్. అర్ధరాత్రి పేజీ వదిలే హడావిడిలో మన కుర్రాడు ఆ మాటనే తెలుగు లిపిలోకి దించేస్తాడు. ఓపిక లేకపోతే అన్నిటికీ కలిపి 'ఘన విజయం' అని కొట్టేస్తాడు. ఆ ఘన విజయం మీద నాకు పాత కోపం ఉంది, ముందే చెప్పేస్తున్నాను.

ఎందుకంటే ఈ మాటలన్నీ ఒకే సంచిలోవి కావు. గెలుపు తేలికైంది, నిజమే. కానీ ఆ తేలిక ఎక్కణ్ణించి వచ్చింది? అవతలివాడు అసలు రాకపోవడం వల్లా? వచ్చినా ఇవతలివాడి బలం ముందు నిలవలేకపోవడం వల్లా? తనంతట తనే కూలిపోవడం వల్లా? లేక మనం లెక్కపెట్టే పద్ధతి వల్ల అలా కనిపిస్తోందా? ఇంగ్లీషువాడు ఒక్కోదానికి ఒక్కో మాట పెట్టుకున్నాడు. మాట మారితే వార్త మారిపోతుంది.

మొదట వాకోవర్ సంగతి. సంక్రాంతికి మన చుట్టుపక్కల కబడ్డీ పోటీలు జరుగుతాయి కదా. ఇటు కాశీనగర్ నుంచి, అటు పాతపట్నం, మెళియాపుట్టి నుంచి జట్లు వస్తాయి. ఒక జట్టు ఎక్కిన ఆటో దారిలో ఆగిపోయిందనుకోండి. నిర్వాహకులు మైకులో మూడుసార్లు పిలుస్తారు. ఒకసారి ఒడియాలో, రెండుసార్లు తెలుగులో. వచ్చిన జట్టు ఏడుగురూ తమ సగంలో వరసగా నిలబడతారు. అవతలి సగం ఖాళీ. సున్నం గీత మీద ఊరకుక్క ఒకటి పడుకుని ఉంటుంది. రిఫరీ ఇంకోసారి చేతి గడియారం చూసుకుని విజిల్ ఊదుతాడు, స్కోరు షీటులో 'హాజరు కాలేదు' అని రాసి సంతకం పెడతాడు. అయిపోయింది, ఈ జట్టు తర్వాతి రౌండుకి వెళ్ళిపోయింది. మర్నాడు జిల్లా టాబ్లాయిడ్‌లో ఏం వస్తుంది? 'ఫలానా జట్టు ఘన విజయం.' ఎవరి మీద బాబూ? కుక్క మీదా? (నవ్వులు)

వాకోవర్ పుట్టింది ఇంగ్లండు గుర్రప్పందేల్లో. మిగతా గుర్రాలు తప్పుకుని ఒక్కటే మిగిలితే, బహుమతి తీసుకోవడానికైనా ఆ గుర్రం మైదానంలో దారంతా నడిచి రావాలి. పరిగెత్తనక్కర్లేదు, నడిస్తే చాలు. అదీ వాకోవర్. ఇందులో గెలిచినవాడి గొప్ప ఏమీ లేదు, అలాగని ఓడినవాడి తప్పూ ఉండాలని లేదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల ఫైనల్ చూడండి. అమెరికా పరుగువీరుడు కార్పెంటర్ దారికి అడ్డం వచ్చాడని అధికారులు అతన్ని అనర్హుణ్ణి చేసి, పందెం మళ్ళీ పెట్టమన్నారు. ఫైనల్‌లో ఉన్న మిగతా ఇద్దరూ అమెరికావాళ్ళే, మేం పరిగెత్తం పొమ్మన్నారు. బ్రిటన్‌కి చెందిన విండమ్ హాల్స్‌వెల్ ఒక్కడే వచ్చి, ఒక్కడే పరిగెత్తి, స్వర్ణం పట్టుకెళ్ళాడు. ఆ పతకాన్ని ఘన విజయం అంటే హాల్స్‌వెలే ఒప్పుకునేవాడు కాడేమో.

టెన్నిస్ రాసేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త. ఆట మొదలుకాక ముందే ప్రత్యర్థి తప్పుకుంటేనే వాకోవర్. ఒక్క పాయింటు ఆడి కాలు బెణికి వెళ్ళిపోయినా అది రిటైర్మెంట్, వాకోవర్ కాదు. మన పేజీల్లో ఈ రెండూ రోజూ కలిసిపోతుంటాయి.

రాజకీయంలో అసలైన వాకోవర్ అంటే ఏకగ్రీవమే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకి గురైంది, మిగతావాళ్ళు ఉపసంహరించుకున్నారు, బీజేపీ అభ్యర్థి పోలింగే లేకుండా ఎంపీ అయ్యారు. దానికి ఆ మాట అక్షరాలా సరిపోతుంది. 1991లో నంద్యాల ఉపఎన్నిక అలాంటిది కాదు. పీవీ నరసింహారావుగారు ప్రధాని అయ్యాక అక్కడ నిలబడితే, తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అభ్యర్థిని పెట్టలేదు. పీవీగారు 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. చాలామంది దాన్ని వాకోవర్ అంటారు. కానీ పెట్టెలు పెట్టారు, జనం వరసల్లో నిలబడి ఓట్లేశారు, వేరే పార్టీల అభ్యర్థులు ఉన్నారు. ప్రధాన ప్రత్యర్థి లేని గెలుపు వేరు, అసలు పోటీయే లేని గెలుపు వేరు. ఈ పీవీగారే 1996లో మన పక్క బరంపురం నుంచి కూడా ఎంపీ అయ్యారు, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆయన దగ్గరికి మళ్ళీ వస్తాను.

గుర్రప్పందేల్లోంచే ఇంకో మాట వచ్చింది, హ్యాండ్స్ డౌన్. గెలుపు గీత దగ్గరపడేసరికి వెనక ఎవరూ లేరని జాకీకి తెలిసిపోతుంది. బిగించిన కళ్ళెం వదులు చేసి చేతులు కిందికి దించేస్తాడు, గుర్రం దాని మానాన అది గీత దాటుతుంది. ఇక్కడ ప్రత్యర్థులున్నారు, పోటీ జరిగింది, చివరి దాకా శ్రమపడాల్సిన అవసరం మాత్రం లేకపోయింది. 'అలవోకగా గెలిచాడు' అంటే సరిగ్గా ఇదే. తమాషా ఏమిటంటే, వాళ్ళకి గెలిచేవాడు చేతులు దించుతాడు, మనకి ఓడేవాడు చేతులెత్తేస్తాడు. రెండింటినీ కలిపి 'చేతులు దించేసి గెలిచారు' అని ఎవరైనా అనువాదం చేస్తే, చదివినవాడికి ఏటీ అర్థం కాదు.

కేక్‌వాక్ కథ ఇంత సరదా కాదు. అమెరికా దక్షిణాది తోటల్లో బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్ళు, దొరల ఠీవి నడకని వెక్కిరిస్తూ ఆడిన నాట్యం అది. బాగా ఆడిన జంటకి కేకు బహుమతి. దొరలు అది చూసి తమనే వెక్కిరిస్తున్నారని గ్రహించకుండా చప్పట్లు కొట్టేవారట. అలాంటి మాట చివరికి 'తేలిక పని' అనే అర్థానికి వచ్చింది. ఆడిన వాళ్ళకి మాత్రం అదేం తేలిక పని కాదు, నడుం విరిచే నాట్యం.

వాడుకలో దీని గుణం ఒకటి గమనించండి. కేక్‌వాక్ ఎక్కువగా ఆట అయిపోయాక రాదు, ఆటకి ముందు వస్తుంది. అదీ చాలాసార్లు 'కాదు' అనే మాటతో కలిసి వస్తుంది. 'ఈ సెమీస్ భారత్‌కి కేక్‌వాక్ కాదు' అన్నట్టు. ముందే అవునని చెప్పేసినవాడికి ముప్పు. ఇరాక్‌ని విముక్తి చెయ్యడం కేక్‌వాక్ అని 2002 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పోస్టులో అమెరికా మాజీ అధికారి కెన్ ఆడెల్మన్ రాశారు. తర్వాత ఆ యుద్ధం ఎన్నేళ్ళు సాగిందో అందరం చూశాం. ఆయన పేరు చెప్తే ఇప్పటికీ జనానికి ముందు ఆ ఒక్క మాటే గుర్తొస్తుంది. మనకి దీనికి అచ్చమైన జోడీ ఉంది, నల్లేరు మీద బండి నడక. అది కూడా అంతే, 'ఈ ఎన్నిక అధికార పార్టీకి నల్లేరు మీద బండి నడక కాదు' అనే చోటే ఎక్కువ కనిపిస్తుంది. కేక్‌వాక్ కనిపిస్తే నేను కళ్ళు మూసుకుని నల్లేరు పెట్టేవాణ్ణి. కాకపోతే బండి తీసేసి 'నల్లేరు మీద నడక' అని రాయకండి. నడిచేది బండి, మనం కాదు.

ఇప్పుడు కొట్టుడు మాటలు. (నవ్వులు) థ్రాషింగ్, డ్రబ్బింగ్, హ్యామరింగ్, అమెరికావాళ్ళ షెలాకింగ్. ఈ చివరిది ఎవరికైనా తెలియకపోతే, 2010 నవంబరులో మధ్యంతర ఎన్నికల్లో దెబ్బతిన్నాక ఒబామా తన పార్టీ ఓటమి గురించి తానే ఆ మాట అన్నారు. షెలాక్ అంటే లక్క పూత. అందులో ఉన్న లాక్ మన లక్కే, మన అడవుల్లో దొరికేదే. థ్రాష్ అన్నదీ, వరి నూర్చడానికి వాళ్ళు వాడే థ్రెష్ అన్నదీ మొదట్లో ఒకటే మాట. కళ్ళంలో పనని కొట్టి గింజ రాల్చినట్టు ఎదురుజట్టుని కొట్టడమన్నమాట. మన పల్లెల్లో ఇంత చక్కటి పని ఉండి కూడా మనం 'నూర్చేశారు' అనం. ఉతికి ఆరేశారు అంటాం. వాళ్ళది కళ్ళం, మనది చాకిరేవు.

ఈ గుంపులో మాటలన్నిటికీ ఒకటే షరతు. కొట్టేవాడికి బలం ఉండాలి, తినేవాడు ఎదురుగా ఉండాలి. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ హాకీలో మనవాళ్ళు అమెరికాని 24-1తో కొట్టారు. రూప్ సింగ్ ఒక్కడే 10 గోల్స్, అన్న ధ్యాన్‌చంద్ 8. అదీ థ్రాషింగ్ అంటే. మన ఒడిశాలోనే, 2023 ప్రపంచకప్‌లో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో నెదర్లాండ్స్ చిలీని 14-0తో ఓడించింది. పురుషుల హాకీ ప్రపంచకప్‌లో అంతకన్నా పెద్ద తేడాతో గెలుపు లేదు.

కానీ కొట్టుడు మాట వాడే ముందు తిన్నవాడెవడో చూసుకోండి. 2001 ఏప్రిల్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ అర్హత పోటీలో ఆస్ట్రేలియా అమెరికన్ సమోవాని 31-0తో ఓడించింది. ఆర్చీ థాంప్సన్ ఒక్కడే 13 గోల్స్ కొట్టాడు. అది ఘనకార్యమే, కాదనను. అయితే అమెరికన్ సమోవా అసలు జట్టులో చాలామందికి పాస్‌పోర్టు చిక్కులొచ్చి అర్హత లేకుండా పోయింది. దొరికిన కుర్రాళ్ళని పట్టుకొచ్చి ఆడించారు, అందులో పదిహేనేళ్ళ పిల్లలున్నారు. ఇలాంటి మ్యాచికి 'ఊచకోత' అని హెడ్డింగు పెట్టేవాడికి ఆ సంగతి తెలియదన్నా అనుకోవాలి, తెలిసినా పట్టలేదన్నా అనుకోవాలి. మన మండల స్థాయి అండర్-14 పోటీల్లో కూడా అంతే. 'చిత్తుచిత్తు', 'మట్టికరిపించారు' అని రాస్తే ఆ పేపరు ఓడిన పిల్లవాడి ఇంటికీ వెళ్తుంది. అక్కడ స్కోరు రాయండి, ఎవరు బాగా ఆడారో రాయండి, చాలు. ఆ అమెరికన్ సమోవా 2011లో టోంగాని 2-1తో ఓడించి మొదటిసారి ఫిఫా మ్యాచ్ గెలిచింది. 31 గోల్స్ తిన్న గోల్‌కీపర్ నిక్కీ సలాపు ఆ రోజు కూడా గోల్ ముందు ఉన్నాడు.

రౌట్ వేరే రకం. అది సైన్యం మాట. వరస చెదిరి, ఎవడికి వాడు ఆయుధం పారేసి పారిపోవడం. ఇక్కడ చూపు గెలిచినవాడి మీద ఉండదు, చెదిరినవాడి మీద ఉంటుంది. 2014 ప్రపంచకప్ సెమీస్‌లో బ్రెజిల్ సొంత గడ్డ మీద జర్మనీకి 7-1తో లొంగింది. 23వ నిమిషం నుంచి 29వ నిమిషం లోపల నాలుగు గోల్స్ పడ్డాయి. నెయ్‌మార్‌కి గాయం, కెప్టెన్ తియాగో సిల్వా మీద నిషేధం. జర్మనీ బాగా ఆడింది, నిజమే. కానీ ఆ ఆరు నిమిషాలు చూసినవాళ్ళకి గుర్తుండేది బ్రెజిల్ వెనక వరస ఎలా చెదిరిపోయిందో అదే. కుప్పకూలింది అంటాం మనం, అంతకు మించిన మాట అక్కర్లేదు.

ఇక 2023 ఆసియాకప్ ఫైనల్. కొలంబోలో శ్రీలంక 15.2 ఓవర్లలో 50కి ఆలౌట్. మన హైదరాబాదీ సిరాజ్ 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు, అందులో నాలుగు ఒకే ఓవర్లో. ఆ లక్ష్యాన్ని మనవాళ్ళు 6.1 ఓవర్లలో వికెట్ పోకుండా కొట్టేశారు. ఇది థ్రాషింగా, రౌటా? సిరాజ్ హెడ్డింగులో ఉంటే మొదటిది, శ్రీలంక హెడ్డింగులో ఉంటే రెండోది. మర్నాడు కొలంబో పేపరూ హైదరాబాద్ పేపరూ ఒకే మ్యాచికి వేరే మాటలు వాడితే అందులో అబద్ధం లేదు. ఎవరు ఎటువైపు నిలబడి చూశారన్నదే తేడా. నేనైతే ఆ రోజు సిరాజ్‌నే పెడతాను, బంతి అలా తిరిగింది మరి. 'పేకమేడలా' అనే మాట మాత్రం ఎవరైనా నా డెస్కు మీదికి పంపిస్తే కొట్టేసేవాణ్ణి, అరిగిపోయి దాని కింద పేక ముక్కలే కనిపించడం మానేశాయి.

ల్యాండ్‌స్లైడ్ దగ్గర కాస్త ఆగుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మన మీదికి వచ్చింది. గజపతి కొండల్లో చరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఈ హాల్లో ఆ రాత్రి తెలిసినవాళ్ళు ఉంటారు. బయటివాళ్ళకి ఎన్నికల మాట, మనకి కాదు. అందుకే ఇంగ్లీషు కాపీలో ల్యాండ్‌స్లైడ్ ఉన్నా, దాన్ని 'కొండచరియ' చెయ్యకుండా తెలుగు పత్రికలు ఎప్పుడో వేరే దారి పట్టాయి. ప్రభంజనం అంటాయి, ఈ మధ్య సునామీ కూడా అంటున్నాయి. కోస్తావాళ్ళవి కదా, వాళ్ళకి భయం కొండ నుంచి కాదు, గాలి నుంచి, సముద్రం నుంచి. పత్రికలు ఎక్కువగా పెరిగింది కోస్తాలో, మాటా అక్కణ్ణించే వచ్చింది. కొండల మీది ఏజెన్సీ గ్రామాలవాళ్ళని అడిగి ఉంటే ఇంకో మాట వచ్చేదేమో.

ల్యాండ్‌స్లైడ్ రాసేటప్పుడు రెండు చూసుకోవాలి. ఒకటి, విరిగిన చరియ కింద అందరూ పడరు. 1984లో కాంగ్రెస్ దేశంలో 400 దాటింది, అంతకన్నా పెద్ద ప్రభంజనం అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 30 సీట్లు గెలిచింది. ఇందాక చెప్పిన పీవీగారు, కేంద్రమంత్రి, కాంగ్రెస్ అభ్యర్థి, హన్మకొండలో ఓడిపోయారు. ఓడించింది బీజేపీ అభ్యర్థి జంగారెడ్డిగారు. దేశం మొత్తం మీద ఆ పార్టీ గెలిచింది రెండే సీట్లు, అందులో ఇదొకటి. పీవీగారు రెండోచోట, మహారాష్ట్ర రాంటెక్‌లో గెలిచి సభకి వెళ్ళారు.

రెండోది, సీట్లు వేరు ఓట్లు వేరు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీకి 175లో 151 సీట్లొచ్చాయి. ఓట్లు సుమారు సగం. 2024లో కూటమికి 164, వైఎస్సార్‌సీపీకి 11. సీట్ల పట్టిక చూస్తే ఆ పార్టీ నేలమట్టం. ఓట్లు చూస్తే దాదాపు 39 శాతం ఇంకా దానివే. మన ఎన్నికల పద్ధతిలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే సీటు మొత్తం, అందుకే ఓట్లలో ఉన్న తేడా సీట్లలోకి వచ్చేసరికి ఎన్నోరెట్లు కనిపిస్తుంది. 'ప్రజలు పూర్తిగా తిరస్కరించారు' అని రాసేముందు ఆ రెండో పట్టిక తెరవండి. ప్రభంజనం అనండి, తప్పు లేదు, అది సీట్ల లెక్క. 'డిపాజిట్లు గల్లంతు' మాత్రం ఊరికే అనకండి, దానికి కచ్చితమైన కొలతుంది. చెల్లిన ఓట్లలో ఆరోవంతు కన్నా ఎక్కువ రాకపోతేనే డిపాజిట్ పోతుంది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ... ఆ, చెప్పమ్మా. ఈ అమ్మాయి అడుగుతోంది, రెండు టెస్టుల సిరీస్ 2-0 అయినా వైట్‌వాష్ అనొచ్చా అని. మంచి ప్రశ్న. అన్ని మ్యాచులూ పోతే వైట్‌వాషే, ఆ లెక్కన అనొచ్చు. కానీ క్రికెట్ రాసేవాళ్ళు మూడు, అంతకన్నా ఎక్కువ మ్యాచులున్నప్పుడే దానికి బరువిస్తారు. 2000లో మన గడ్డ మీద దక్షిణాఫ్రికా 2-0తో గెలిచింది. అయినా 2024లో న్యూజిలాండ్ 3-0తో గెలిచినప్పుడు, మూడు అంతకు మించిన టెస్టుల సిరీస్‌లో సొంతగడ్డ మీద భారత్ అన్నీ ఓడడం ఇదే మొదటిసారి అని అందరూ రాశారు. రెండు నిజాలూ అలా పక్కపక్కనే ఉన్నాయి. ఇదే మాట అమెరికా బేస్‌బాల్‌లో ఒక్క మ్యాచిలో అవతలివాడికి పరుగే రానివ్వకపోవడం, కాబట్టి అమెరికా కాపీ తెచ్చుకున్నప్పుడు పొరబడకండి. రాజకీయ వార్తలో వస్తే అది అసలు గెలుపు మాటే కాదు, తప్పు మీద సున్నం కొట్టి కప్పిపుచ్చడం.

ఇంకొకటి కూడా చూడమ్మా. వైట్‌వాష్ లెక్కపెట్టేది మ్యాచుల్ని, తేడాని కాదు. ఆ న్యూజిలాండ్ సిరీస్‌లో బెంగళూరులో మనం 46కి ఆలౌటయ్యాం, అది కుప్పకూలడమే. పుణేలో 113 పరుగులతో ఓడాం. ముంబైలో 147 కొట్టాల్సి ఉంటే 121 దగ్గర ఆగిపోయాం, తేడా 25 పరుగులు. రిషభ్ పంత్ 64 కొట్టి ఔటయ్యేదాకా ఆ మ్యాచ్ ఎవరిదో ఎవరికీ తెలియదు. కాబట్టి సిరీస్‌కి వైట్‌వాష్ అని హెడ్డింగు పెట్టు. ముంబై మ్యాచ్ రిపోర్టులోకి మాత్రం ఆ మాటని రానివ్వకు. ఇంకెవరమ్మా? వెనక తమ్ముడూ, నువ్వేనా చెయ్యెత్తింది, లేక మైకు వినిపించడం లేదా?